బండిలో రెండు కరెంట్లు

పోయిన డిసెంబరులో ఒక రాత్రి పదకొండు గంటలప్పుడు మా మేనల్లుడు ఫోన్ చేసినాడు. "మామా, బండి తలుపు పట్టుకుంటే జివ్వుమంటాంది. చెప్పులేసుకుంటే ఏం లేదు. వట్టి కాళ్ళతో కిందికి దిగితే కొడతాంది" అన్నాడు.

వాడికి బెంగుళూరులో ఉద్యోగం. ఇద్దరు స్నేహితులతో కలిసి పాత టెంపో ట్రావెలర్ కొని, సీట్లు పీకించి మంచాలు, వంటగట్టు, చిన్న ఫ్రిజ్జు పెట్టించుకొని క్యారవాన్ చేసుకున్నాడు. ఆ రాత్రి గండికోటకు పోతూ దారిలో ఒక డాబా వెనక నిలిపి, వాళ్ళ ప్లగ్గులోంచి బండికి వైరు లాక్కున్నాడు.

"ముందు ఆ ప్లగ్గు పీకు. బండిని ముట్టుకోవద్దు, డాబా గోడ కాడికి పోయి అక్కడ స్విచ్చి ఆపి పీకు. మిగతాది పొద్దున మాట్లాడదాం" అన్నా.

"ఫ్రిజ్జు ఆగిపోతుందేమో మామా."

"ఆగిపోనీరా అబ్బీ."

తెల్లారి బండి ప్రొద్దుటూరు తెచ్చినాడు. నేను ముప్పై ఏళ్ళు మైకుసెట్టు, లైటింగు పని చేసినవాణ్ణి. పెళ్ళిళ్ళు, తిరునాళ్ళు, మా ఊరి దసరా అన్నీ చూసినా. ఎవరో బిగించిన ప్లగ్గులోంచి కరెంటు తీసుకోవడం, దాన్ని నమ్మకుండా వాడుకోవడం, ఇదే మా వృత్తి. క్యారవాన్ వాళ్ళదీ అదే బతుకు. పూటకో ఊరు, ఊరికో ప్లగ్గు. ఆ రెండు రోజులు బండి విప్పి చూసి వాడికి చెప్పినవే ఇక్కడ రాస్తున్నా. బండి రూపం మారిస్తే ఆర్‌టీఓ ఆమోదం, ఇన్సూరెన్సు వాళ్ళకు కబురు తప్పనిసరి. అది మీరు చూసుకోండి, నేను వైర్ల సంగతే చెప్తా.

ఇంటి ఇన్వర్టరు తెలిస్తే సగం తెలిసినట్టే

మన ఇళ్ళల్లో స్తంభం నుంచి వచ్చే 230 వోల్టుల కరెంటు ఒకటి, మూలన బ్యాటరీ ఒకటి ఉంటాయి. కరెంటు ఉన్నప్పుడు బ్యాటరీ ఎక్కుతుంది, పోయినప్పుడు దిగుతుంది. కాకపోతే ఇంట్లో ఇన్వర్టరు బ్యాటరీ కరెంటును 230కి మార్చి మామూలు ఫ్యాన్లకే ఇస్తుంది. బండిలో దీపాలు, ఫ్యాను, నీళ్ళ పంపు, ఫ్రిజ్జు నేరుగా 12 వోల్టుల మీదే తిరుగుతాయి. అందుకే బండి గోడల వెనక రెండు వైరింగులు పోతాయి. అవి రెండూ ఒకేచోట కలుస్తాయి, చార్జరు దగ్గర. ఇన్వర్టరు పెట్టుకుంటే అక్కడ కూడా.

230 మనిషిని చంపుతుంది, 12 బండిని కాలుస్తుంది. మావాడికి మొదట చెప్పింది ఈ మాటే. 12 వోల్టులు వేలికి తగిలినా ఏమీ తెలియదు, అందుకే జనానికి దాని మీద చులకన. అదే బ్యాటరీ ప్లస్సు, మైనస్సుల మీద అడ్డంగా స్పానరు పడిందంటే వందల యాంపులు పారి ఇనుము ఎర్రగా కాలుతుంది. చేతికి ఉంగరం, గడియారం ఉంటే తీసి జేబులో వేసుకొని బ్యాటరీ దగ్గర కూర్చోండి. ప్లస్సు టెర్మినల్‌కు రబ్బరు టోపీ ఉండాలి.

వాడి బండి విప్పితే మొదట కనబడింది రంగుల గోల. 12 వోల్టులకు ఎరుపు, నలుపు వాడినారు. 230కి కూడా ఇంటి వైరింగు అలవాటు చొప్పున ఎరుపు, నలుపు, పచ్చ లాగినారు. రెండూ ఒకే పైపులో పోతున్నాయి. రేపు ఇంకెవరో వచ్చి ఆ నలుపు మైనస్సే కదా అని కత్తిరిస్తే ఏంగావాల? పైపు వేరు చేసి, 230 వైపు గోధుమ, నీలం, పచ్చ-పసుపు ఉండే మూడు కోర్ల ఫ్లెక్సిబుల్ కేబుల్ వేసినా. ఎరుపు, నలుపు బ్యాటరీకే వదిలేసినా. బండి అదురుకు ఒంటి తీగ వైరు విరుగుతుంది కాబట్టి రెండు వైపులా సన్న తీగల వైరే వాడాలి. కీళ్ళ దగ్గర టేపు చుట్టి వదిలేయకుండా లగ్గు, అంటే లోహపు చెవి, వేసి క్రింపింగు చేయాలి, అంటే నొక్కి బిగించాలి.

బయటి కరెంటు లోపలికి వచ్చే దారి

బండి పక్కన మూత ఉన్న నీలం రంగు ఇండస్ట్రియల్ ప్లగ్గు బిగించుకోండి. మూడు పిన్నులు, 16 యాంపులు. పిన్నులు బండి వైపు ఉండాలి, బొక్కలు వైరు వైపు ఉండాలి. కరెంటు ఉండే కొసన ఎప్పుడూ బయటికి పిన్ను కనబడకూడదు. మావాడి సామాన్లలో రెండు కొసలా పిన్నులున్న వైరు ఒకటి దొరికింది. పల్లెల్లో జనరేటరు కరెంటు ఇంట్లోకి ఎక్కించడానికి ఇట్లాంటివి చేసుకుంటారు. ఒక కొస ప్లగ్గులో ఉంటే రెండో కొస చేతిలో నాగుపాము. అప్పుడే రెండు ముక్కలు చేసి పారేసినా.

కేబుల్ మూడు కోర్లది, తీగ లావు 2.5 స్క్వేర్ ఎంఎం, పొడవు 25 మీటర్లు చాలు. డ్రమ్ముకు చుట్టినట్టే ఉంచి వాడొద్దు. ఎండాకాలం ఒక తిరునాళ్ళలో నేనే ఆ తప్పు చేసినా. పది మీటర్లు విప్పి మిగతాది డ్రమ్ము మీదే వదిలి, రెండు పెద్ద లైట్లు, ఐస్‌క్రీం బండి ఫ్రీజరు దాని మీద వేసినా. రెండు గంటల్లో లోపలి చుట్లు ఒకదానికొకటి అతుక్కొని ముద్దయినాయి. చుట్టలో వేడికి బయటికి పోయే దారి ఉండదు. మొత్తం విప్పి, బండి కింద పాములా పరచండి. వానొస్తే కీలు నేల మీద ఉండకూడదు. బండి ప్లగ్గు దగ్గర వైరు కిందికి వేలాడి మళ్ళీ పైకి ఎక్కాలి. అప్పుడు నీళ్ళు ఆ వంపులో కారిపోతాయి, ప్లగ్గులోకి పోవు.

లోపలికి రాగానే మొదటి పెట్టెలో మూడు ఉండాలి. మొదటిది 30 మిల్లీయాంపుల ఆర్‌సీసీబీ, అంటే లోపలికి పోయిన కరెంటుకు, తిరిగొచ్చిన కరెంటుకు అంత తేడా వస్తే తనే పడి కరెంటు కోసేసేది. పాతవాళ్ళు దీన్నీ ఈఎల్‌సీబీ అనే అంటారు. రెండోది 16 యాంపుల డబుల్ పోల్ ఎంసీబీ, లోడు మించితే తనే పడి ఫేజు (కరెంటు వచ్చే తీగ), న్యూట్రల్ (తిరిగిపోయే తీగ) రెండూ కోసేది. మూడోది వోల్టేజి ప్రొటెక్టరు, అంటే వోల్టేజి 180కి తగ్గినా 270కి పెరిగినా కోసేసేది. విదేశీ బండ్లలో మూడోది పెద్దగా కనబడదు. మన ఊళ్ళల్లో మాత్రం మూడు ఫేజుల లైనులో న్యూట్రల్ తెగితే ఒక్కో ఇంటికి 230 బదులు 400 దగ్గరదాకా పోతుంది. ఒక పల్లెలో పెళ్ళి రాత్రి అట్ల నా ట్యూబులైట్లు ఒకదాని వెనక ఒకటి టపాకాయల్లా పేలినాయి. అప్పటి నుంచి ప్రొటెక్టరు లేకుండా ఎక్కడా ప్లగ్గు పెట్టలేదు.

డబుల్ పోల్ ఎందుకంటే, ప్లగ్గు వైపు చూస్తూ నిలబడితే పైన ఎర్తు, కుడివైపు ఫేజు, ఎడమవైపు న్యూట్రల్ ఉండాలి. డాబాల్లో సగం చోట్ల అది తిరగబడి ఉంటుంది. అప్పుడు బండిలో స్విచ్చి ఆపినా అది కోసేది న్యూట్రల్‌నే, లైటు హోల్డరులో ఫేజు అట్లే నిలబడి ఉంటుంది. రెండూ కోసే ఎంసీబీ ఉంటే ఆ భయం లేదు.

ఎంత లోడు వేయాలో ప్లగ్గు చూసి తేల్చుకోండి. చిన్న 6 యాంపుల ప్లగ్గంటే 6 ఇంటు 230, అంటే 1380 వాట్లు. అదీ దాని వెనక మంచి వైరు ఉంటేనే. నా మాట వింటే చిన్న ప్లగ్గు మీద చార్జరు, లైట్లు, ల్యాప్‌టాప్ తప్ప వేయొద్దు. కెటిలు, ఏసీ, ఇండక్షన్ పొయ్యి 16 యాంపుల ప్లగ్గు దొరికితేనే, అదీ ఒకేసారి ఒకటే. అర్ధగంట తర్వాత ప్లగ్గు తల చేత్తో తాకి చూడండి. వెచ్చగా ఉంటే లోడు తగ్గించండి, కాలితే ఆపేయండి.

ఎర్తింగు: ఆ రాత్రి జరిగింది ఇదే

ఆ డాబా ప్లగ్గులో పై బొక్క ఉంది, దాని వెనక వైరు లేదు. మన దగ్గర ఇది మామూలే. దానికి బండి తలుపు ఎందుకు కొట్టాలి? చార్జర్లలో కరెంటును శుభ్రం చేయడానికి చిన్న కెపాసిటర్లు ఉంటాయి. అవి ఫేజు నుంచి ఒకటి, న్యూట్రల్ నుంచి ఒకటి ఎర్తుకు కట్టి ఉంటాయి. ఎర్తు ఉంటే ఆ కాస్త కరెంటు మట్టిలోకి పోతుంది. ఎర్తు లేకుంటే బండి బాడీ మొత్తం ఆ రెండింటి నడుమ తేలి, సుమారు సగం వోల్టేజి మీద నిలబడుతుంది, అంటే 115 దగ్గర. టైర్లు రబ్బరు కాబట్టి బండికి మట్టితో సంబంధం లేదు. తడి నేల మీద వట్టి కాళ్ళతో నిలబడి తలుపు పట్టుకున్నవాడే ఎర్తు అయిపోతాడు. పారేది శానా తక్కువ, జివ్వుమని వదులుతుంది. 30 మిల్లీయాంపులు దాటదు కాబట్టి ఆర్‌సీసీబీ పడదు.

"అయితే ప్రమాదం లేనట్టేనా మామా?" అన్నాడు.

ఉంది. ఆ జివ్వుమనడం బండికి ఎర్తు లేదని చెప్పే గంట. అదే బండిలో కెటిలు కాయిల్ చిల్లుపడినా, ఒక ఫేజు వైరు రేకుకు రాసుకుని తోలు ఊడినా, ఈసారి తలుపులో ఉండేది పూర్తి 230. ఎర్తు ఉండుంటే ఆ క్షణమే ఆర్‌సీసీబీ పడేది, ఎవరూ తాకకముందే. ఎర్తు లేకుంటే అది పడేది మనిషి తాకినాకనే, మనిషి ఒంట్లోంచి కరెంటు పారినాకనే. అది మనిషిని కాపాడొచ్చు, కానీ ఆ పరీక్ష చేసి చూసేదానికి మేనల్లుళ్ళను వాడరు.

ఇంకో మోసం ఉంది, అది ఎర్తు లేకపోవడం కన్నా చెడ్డది. ఎర్తు పిట్ తీయడానికి బద్ధకించి కొందరు ప్లగ్గులోనే న్యూట్రల్ నుంచి ఎర్తు పిన్నుకు చిన్న తీగ వేసేస్తారు. మూడు బల్బుల టెస్టరు పెట్టి చూస్తే అంతా బాగున్నట్టే చూపుతుంది. ఆ న్యూట్రల్ ఎక్కడో స్తంభం దగ్గర తెగిందనుకోండి, బండి బాడీకి నేరుగా ఫేజు వచ్చేస్తుంది. దీన్ని పట్టుకునే ఉపాయం చెప్తా. ప్లగ్గు మీద కాస్త లోడు వేసి, ఇస్త్రీపెట్టె అయినా సరే, మల్టీమీటరుతో న్యూట్రల్‌కు, ఎర్తుకు మధ్య వోల్టేజి చూడండి. నిజమైన ఎర్తయితే లోడు పడగానే ఒకటో రెండో వోల్టులు కదులుతుంది. లోడు వేసినా తీసినా మీటరు సున్నా మీదే కూర్చుంటే అనుమానపడాల్సిందే. సున్నా చూసి సంతోషించే చోటు ఇది కాదు.

అప్పుడేం చేయాలంటే, వాళ్ళ ఎర్తును నమ్మకుండా మన ఎర్తు మనం వేసుకోవాలి. ఇంగ్లండులో కూడా న్యూట్రల్‌తో కలిసిన ఎర్తును క్యారవాన్లకు ఇవ్వకూడదనే నియమం ఉంది, అక్కడ నిలిపే స్థలాల్లో వేరే కడ్డీ పాతుతారు. నేను మావాడి బండికి ఇట్ల చేసినా. మూడడుగుల రాగి పూత కడ్డీ ఒకటి, దానికి క్లాంపు, పచ్చ వైరు, చిన్న సుత్తి. ప్లగ్గు ఎర్తు అనుమానంగా ఉంటే గోడ ప్లగ్గుకు పెట్టే రెండు అడాప్టర్లలో ఎర్తు పిన్ను కలవనిది వాడి, కడ్డీ వైరును బండి ఎర్తు బోల్టుకు కలుపుతాడు. మన సీమ నేల ఎండి బండలా ఉంటుంది కదా, కడ్డీ పనిచేస్తుందా అని అడిగినాడు. చుట్టూ ఒక బిందె నీళ్ళు పోయమన్నా. లెక్క చూడండి: కడ్డీకి 500 ఓములు ఉన్నా, ఆర్‌సీసీబీ పడే 30 మిల్లీయాంపుల దగ్గర బాడీ మీద ఉండేది 15 వోల్టులే. ఎంసీబీని పడగొట్టే బలం ఆ కడ్డీకి లేదు, ఆర్‌సీసీబీకి మాత్రం చాలు. అందుకే ఆర్‌సీసీబీ లేకుండా ఒట్టి కడ్డీ పాతి ఎర్తు వేసినాం అనుకోవద్దు.

ఆర్‌సీసీబీ మీద టెస్ట్ బొత్తాం ఉంటుంది. కొత్త చోట వైరు తగిలించగానే నొక్కండి, టప్పున పడాలి. పడకపోతే ఆ రాత్రికి బ్యాటరీతో సరిపెట్టుకోండి.

ఫ్రిజ్జు రాత్రిపూట ఎందుకు ఆగింది

డాబా సంగతి తేలినాక వాడు ఇంకో మాట బయటపెట్టినాడు. బ్యాటరీ 12.9 చూపుతున్నా ఫ్రిజ్జు రాత్రిళ్ళు ఆగిపోతోందట. బ్యాటరీ పాడైందని కొత్తది కొనడానికి సిద్ధంగా ఉన్నాడు.

బ్యాటరీ నుంచి ఫ్రిజ్జుకు ఆరు మీటర్లు. పోను ఆరు, రాను ఆరు, పన్నెండు. వేసింది 1.5 స్క్వేర్ ఎంఎం వైరు. ఆ వైరు మీటరుకు 12 మిల్లీఓములు, పన్నెండు మీటర్లకు 0.145 ఓము దగ్గర. ఫ్రిజ్జు నడిచేటప్పుడు నాలుగు యాంపులే లాగుతుంది, కంప్రెసరు మొదలయ్యేటప్పుడు మాత్రం పది దాకా పోతుంది. పది ఇంటు 0.145, ఒకటిన్నర వోల్టు వైరులోనే మాయం. బ్యాటరీ దగ్గర 12.9 ఉన్నా ఫ్రిజ్జు దగ్గరికి వచ్చేది పదకొండున్నర లోపే. అది బ్యాటరీ అయిపోయిందనుకొని తనంతట తానే ఆగిపోతుంది. అదే వైరు 6 స్క్వేర్ ఎంఎం వేస్తే పోయేది 0.37 వోల్టు. వైరు మార్చినాం, ఫ్రిజ్జు నడిచింది. కొత్త బ్యాటరీ డబ్బు మిగిలింది.

230లో ఒకటిన్నర వోల్టు పోతే ఎవరికీ తెలియదు. 12లో అది ఎనిమిదో వంతు. ఇంటి వైరింగు చేసే మేస్త్రీలు బండి పనిలో బోల్తా పడేది ఇక్కడే. 12 వోల్టుల వైరింగుకు ఎప్పుడూ లావు వైరు, పొట్టి దారి. వోల్టేజి చూసేటప్పుడు బ్యాటరీ దగ్గర చూసి ఊరుకోవద్దు, వస్తువు దగ్గర, అది నడుస్తున్నప్పుడు చూడండి.

ఫ్యూజు వస్తువు కోసం అనుకుంటారు గానీ అది వైరు కోసం. 2.5 వైరుకు 15 యాంపులు, అంటే నీలం రంగు బ్లేడ్ ఫ్యూజు. 6 స్క్వేర్‌కు 30 యాంపులు, పచ్చది. మిగతా రంగులు కూడా గుర్తుపెట్టుకుంటే చీకట్లో పని సులువు: 5 లేత గోధుమ, 7.5 ముదురు గోధుమ, 10 ఎరుపు, 20 పసుపు. అన్నిటికీ ముందు, బ్యాటరీ ప్లస్సు నుంచి జానెడు దూరంలోనే, పెద్ద ఫ్యూజు ఒకటి తప్పనిసరి. దూరంగా పెడితే బ్యాటరీకి, ఫ్యూజుకు మధ్య ఉన్న వైరు ఎక్కడ రేకుకు రాసుకున్నా ఆపేవాడు లేడు. ఫ్యూజు కాలితే సిగరెట్టు రేకు చుట్టడం మన పాత అలవాటు. బండిలో ఆ పని చేస్తే పరుపు అంటుకుంటుంది. ఇంట్లో వాడే మామూలు ఎంసీబీలు, స్విచ్చులు కూడా 12 వోల్టుల లోడులకు పెట్టొద్దు. ఇంటి కరెంటు సెకనుకు వందసార్లు సున్నా తాకుతుంది, నిప్పురవ్వ తనే చస్తుంది. బ్యాటరీ కరెంటు ఆగకుండా పారుతుంది కాబట్టి ఆ రవ్వ సాగుతుంది. డీసీ (బ్యాటరీ రకం కరెంటు) అని రాసి ఉన్నవే కొనండి.

బ్యాటరీ, దాని ఆకలి

బండి స్టార్టింగు బ్యాటరీని దీపాలకు వాడొద్దు. అది ఒక్క ఉదుటున బలం ఇచ్చేది, మెల్లగా ఖాళీ చేస్తే నాలుగు రోజుల్లో మూలబడుతుంది. లోపలి వాడకానికి వేరే బ్యాటరీ ఉండాలి.

ఇంటి ఇన్వర్టరు ట్యూబులర్ బ్యాటరీ పెట్టుకోవచ్చా అని చాలామంది అడుగుతారు. పెట్టుకోవచ్చు, చవక కూడా. కానీ 150 ఏహెచ్‌ది (ఏహెచ్ అంటే యాంపియర్-అవర్, బ్యాటరీలో పట్టే కరెంటు కొలత) యాభై కిలోల పైనే ఉంటుంది, నిలువుగానే ఉండాలి, చార్జింగులో హైడ్రోజన్ వదులుతుంది. మంచం కింద గాలాడని పెట్టెలో పెట్టి పక్కన గ్యాసు పొయ్యి వెలిగించడం మంచిది కాదు. బయటికి గాలి గొట్టం ఉండాలి. సగానికి మించి దించితే ఆయుష్షు తగ్గుతుంది. గంట సేపు ఏదీ వాడకుండా, చార్జింగు లేకుండా ఉంచి చూస్తే 12.7 నిండు, 12.2 సగం, 11.8 ఖాళీ. చార్జరు ఆన్‌లో ఉండగా మీటరులో 13.8 చూసి బ్యాటరీ నిండిందనుకుంటే పొరపాటు, ఆ కనబడేది చార్జరు వోల్టేజి.

మావాడిది లిథియం ఐరన్ ఫాస్ఫేట్, 100 ఏహెచ్. పన్నెండు కిలోల లోపు. ఎనభై తొంభై ఏహెచ్ దాకా వాడుకోవచ్చు. కాకపోతే వోల్టేజి చూసి ఎంత మిగిలిందో చెప్పలేం. నిండుగా ఉన్నా, సగం ఉన్నా 13.2 చుట్టుపక్కలే ఉంటుంది, చివర్లో ఒక్కసారి జారుతుంది. దానికి షంటు, అంటే పారే కరెంటును కొలిచే పట్టీ, ఉన్న బ్యాటరీ మానిటరు పెట్టుకోవాలి. పోయింది ఎంత, వచ్చింది ఎంత అని అది యాంపుల్లో లెక్క కడుతుంది. విదేశీ పుస్తకాలు లిథియంను గడ్డకట్టే చలిలో చార్జ్ చేయొద్దని భయపెడతాయి. మన కడపలో ఆ బాధ లేదు, ఇంకో బాధ ఉంది. చాలా బ్యాటరీల కాగితం మీద చార్జింగుకు 45 డిగ్రీలు హద్దు అని ఉంటుంది. మే నెలలో మూసిన బండి లోపల మధ్యాహ్నం అంతకు మించుతుంది. ఇంజను పక్కన, ఎండ తగిలే గోడ పక్కన బ్యాటరీ పెట్టించుకోవద్దు. సీసం బ్యాటరీ అయినా వేడి పది డిగ్రీలు పెరిగితే ఆయుష్షు సగమవుతుందని పాత లెక్క.

ఇప్పుడు ఆకలి. వాట్లను 12తో భాగిస్తే యాంపులు, యాంపులను గంటలతో గుణిస్తే ఏహెచ్. 50 వాట్ల ఫ్రిజ్జు నాలుగు యాంపులు. డిసెంబరులో అది మూడో వంతు సేపే నడుస్తుంది, రోజుకు 32 ఏహెచ్. ఏప్రిల్‌లో సగానికి పైనే నడుస్తుంది, 58 దాకా పోతుంది. నాలుగు ఎల్‌ఈడీ దీపాలు ఐదు గంటలకు 5. ఫ్యాను రాత్రంతా 20. ల్యాప్‌టాప్ రెండు గంటలు 10. నీళ్ళ పంపు ఒకటిన్నర, లెక్కలోకి రాదు. మొత్తం ఎండాకాలం 95 దగ్గర. అంటే మావాడి బ్యాటరీ ఏప్రిల్‌లో ఒక్క రోజుకు కూడా చాలదు, డిసెంబరులో రోజుంపావు వస్తుంది. బండి కట్టించకముందే ఈ కాగితం రాసుకొని ఉంటే వాడు 200 ఏహెచ్ పెట్టించుకునేవాడు.

నింపేది ఎట్లా

మూడు దారులు. బయటి కరెంటు మీద చార్జరు ఒకటి. మీ బ్యాటరీ రకం దాని మీద ఎంచుకునే వీలుండాలి, అంతకన్నా చెప్పేదేం లేదు.

రెండోది ఇంజను ఆల్టర్నేటరు, అంటే ఇంజను తిప్పే జనరేటరు. పాత బండ్లలో ఒక రిలే, అంటే తనంతట తానే కలిసే స్విచ్చి, పెట్టి, ఇంజను నడుస్తుంటే రెండు బ్యాటరీలను కలిపేవాళ్ళు. సీసం బ్యాటరీకి అది ఇప్పటికీ పనికొస్తుంది. లిథియం ఆకలిగొన్నప్పుడు ఎంత ఇస్తే అంత మింగుతుంది, ఆల్టర్నేటరు వేడెక్కి కాలిపోవచ్చు. 2020 ఏప్రిల్ నుంచి వచ్చిన బీఎస్6 బండ్లలో కొన్నిటికి ఆల్టర్నేటరు వోల్టేజిని కంప్యూటరే దించుతుంది, అప్పుడు రిలే పెట్టినా బ్యాటరీ నిండదు. రెండు రోగాలకూ మందు ఒకటే, డీసీ టు డీసీ చార్జరు, అంటే ఆల్టర్నేటరు కరెంటును బ్యాటరీకి తగిన వోల్టేజికి మార్చి, హద్దులో పెట్టి ఇచ్చేది. 20 యాంపులది పెట్టుకుంటే బెంగుళూరు నుంచి గండికోటకు వచ్చే ఐదారు గంటల్లో మావాడి బ్యాటరీ ఖాళీ నుంచి నిండుతుంది.

మూడోది సోలారు. కర్నూలు దగ్గర వెయ్యి మెగావాట్ల సోలార్ పార్కు ఎందుకు కట్టినారో మన ఎండలో ఒక గంట నిలబడితే తెలుస్తుంది. బండి మీద 300 వాట్ల పలకలు, ఎంపీపీటీ కంట్రోలరు (పలక నుంచి వీలైనంత ఎక్కువ కరెంటు రాబట్టి బ్యాటరీకి ఇచ్చేది) ఉంటే ఏప్రిల్‌లో రోజుకు 80 ఏహెచ్ దాకా ఆశించవచ్చు. 300 వాట్లు అంటే 300 వస్తాయనుకోవద్దు. పలక వేడెక్కేకొద్దీ డిగ్రీకి 0.4 శాతం దగ్గర ఉత్పత్తి తగ్గుతుంది. మధ్యాహ్నం పలక 65 డిగ్రీలకు చేరితే అక్కడే ఆరో వంతు పోయినట్టు. పలకను టాపుకు అతికించకుండా నాలుగు వేళ్ళ సందు వదిలితే కింద గాలి ఆడుతుంది, బండికి నీడ కూడా. కంట్రోలరుకు ముందు బ్యాటరీ కలపాలి, తర్వాత పలక. విప్పేటప్పుడు ముందు పలక. చెట్టు నీడన బండి నిలిపి సోలారు పనిచేయలేదని నాకు ఫోన్ చేయొద్దు. ఆ ఫోన్లు కూడా వచ్చినాయి.

ఇన్వర్టరు

బ్యాటరీ నుంచి 230 కావాలంటే ఇన్వర్టరు, అదీ సైన్ వేవ్‌ది, అంటే ఇంటి కరెంటులాగే నున్నటి అలగా ఇచ్చేది. 1000 వాట్లు లాగితే బ్యాటరీ వైపు పారేది నూరు యాంపుల దగ్గర. అందుకే దాన్ని బ్యాటరీ పక్కనే పెట్టి, మీటరు లోపు పొడవున 25 స్క్వేర్ ఎంఎం వైరు, 125 యాంపుల ఫ్యూజు వేసినా. మా అక్క, అంటే వాడి అమ్మ, అడిగింది ఒక్కటే, "మిక్సీ తిరుగుతుందా?" అని. తిరుగుతుంది. 750 వాట్ల మిక్సీ మూడు నిమిషాలు నడిపితే మూడున్నర నాలుగు ఏహెచ్, చెనిక్కాయల ఊరిమిండికి ఆ మాత్రం ఖర్చు పెట్టొచ్చు. కెటిలు, ఇస్త్రీపెట్టె, ఇండక్షన్ మాత్రం వద్దు. వేడి పుట్టించే పని గ్యాసుకు వదిలేయాలి.

ఇన్వర్టరు కరెంటు, బయటి కరెంటు ఎట్టి పరిస్థితిలోనూ ఒకే వైరులో కలవకూడదు. మధ్యలో చేంజోవర్ స్విచ్చి ఉండాలి, ఒకటి పెడితే రెండోది తెగేది. కలిస్తే ఇన్వర్టరు ఆ క్షణమే పోతుంది, పైగా స్తంభం మీద పనిచేసే లైన్‌మన్ ప్రాణం మీదికి వస్తుంది. ఇన్వర్టరు మీద ఉన్నప్పుడు బ్యాటరీ చార్జరు ఆన్‌లో లేకుండా చూసుకోండి. మావాడి బండిలో చార్జరు ప్లగ్గు కూడా ఇన్వర్టరు వైపే ఉంది. బ్యాటరీ తనను తానే చార్జ్ చేసుకుంటూ, దారిలో వేడిగా తగలేసుకుంటూ, ఒక రాత్రిలో ఖాళీ అయ్యేది. ఆ ప్లగ్గును చేంజోవర్‌కు ముందుకు మార్చినా, బయటి కరెంటు ఉంటేనే అది నడుస్తుంది ఇప్పుడు.

ఇన్వర్టరు కరెంటుకు ఆర్‌సీసీబీ పనిచేస్తుందనే నమ్మకం పెట్టుకోవద్దు. చాలా చిన్న ఇన్వర్టర్లలో న్యూట్రల్ ఎర్తుకు కలిసి ఉండదు, అప్పుడు తేడా పసిగట్టే దారే దానికి ఉండదు. కలపాలా వద్దా అనేది ఆ ఇన్వర్టరు కాగితం చూసి తెలిసినవాడు తేల్చాలి, మీరు తీగ వేసి చూడొద్దు.

వచ్చేటప్పుడు, పోయేటప్పుడు

కొత్త చోట వరస ఇది. బండిలో మెయిన్ ఎంసీబీ ఆపి ఉంచండి. వాళ్ళ ప్లగ్గును టెస్టరుతో, మీటరుతో చూడండి. ఎర్తు తేల్చుకోండి. కేబుల్ ముందు బండికి తగిలించి, తర్వాత గోడకు పెట్టండి. ఆర్‌సీసీబీ బొత్తాం నొక్కి చూడండి. తర్వాత ఎంసీబీ ఎత్తండి. చివరికి కిందికి దిగి, స్క్రూడ్రైవరు టెస్టరు కొసను తలుపు రేకుకు ఆనించండి, వెలగకూడదు.

పోయేటప్పుడు దీనికి తిరగేసి: లోపల ఎంసీబీ ఆపి, గోడ దగ్గర పీకి, ఆఖర్న బండి దగ్గర తీయాలి. కేబుల్ తుడిచి చుట్టాలి, కడ్డీ పెరికి డిక్కీలో వేసుకోవాలి.

ఇదంతా మావాడు ఫోన్లో రాసుకున్నాడు, కాగితం మీద కూడా రాసి స్టీరింగు పక్కన అతికించినాడు. మా ఇంటి నుంచి బయల్దేరేటప్పుడు అక్కకు చెయ్యి ఊపి, నాకు దండం పెట్టి, గేటు దాటినాడు. పాతిక మీటర్ల కేబుల్ పాములా వాడి వెనకాలే పోయింది. మా వరండా ప్లగ్గు గోడలోంచి ఊడి దాని కొసన ఎగురుకుంటూ పోతాంది. నేను "ఆపరా అబ్బీ" అని అరుస్తుంటే, లోపల మా మెయిన్ ఎంసీబీ టప్పున పడింది.